బరిలోకి దిగిన గిత్త

మా ఊరి లాకుల దగ్గర టీ బడ్డీ తెల్లవారుజామున అయిదింటికే తెరుస్తారు. ఆరయ్యేసరికి నలుగురైదుగురు కుర్రాళ్ళు కాలవ గట్టు మీద నుంచి చెమటలు కారుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడతారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే బ్యాచ్ అది. అందులో మా అక్క కొడుకొకడు. 2024 ఆగస్టు 8 పొద్దున్న నేనూ అక్కడే ఉన్నాను. రాత్రి ఒంటిగంట దాటాక పారిస్ ఒలింపిక్స్‌లో మన అవినాష్ సాబ్లే పరిగెత్తిన మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులూ నీటిగుంటా దూకుతూ పరిగెత్తే పోటీ) ఫైనల్ చూసి, మరి నిద్ర పట్టక, మండుతున్న కళ్ళతో టీ కోసం వెళ్ళాను.

వాడు ఫోనులో రిజల్టు చూసి, "సాబ్లే పదకొండోవాడంట మావయ్యా. ఆ మాత్రం దానికి నిద్ర పాడుచేసుకున్నావా?" అన్నాడు.

"టైమెంతో చూడరా. ఎనిమిది నిమిషాల పద్నాలుగు సెకన్లు."

"టైముదేముంది, మెళ్ళో పడాలి గానీ."

టీ కాసే ఆయన గ్లాసులు కడుగుతూ, "ఆయ్, అంతేనండి. పదకొండోవాణ్ణి వాళ్ళ వీధివాళ్ళు కూడా గుర్తుపెట్టుకోరు" అని తీర్పు చెప్పేశాడు.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆ మాట అన్న మా అల్లుడు రోజూ చీకట్లో లేచి పరిగెత్తేది దేనికి? 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పూర్తి చెయ్యడానికి. వాడు పెట్టుకున్న పోస్టుకి అంతే కావాలి. ముందొచ్చినవాడికి దండ వెయ్యరు, ఆఖరున వచ్చినవాణ్ణి ఇంటికి పంపరు. గడియారం ఎనిమిది దాటకుండా గీత దాటితే చాలు. టైము మీదే బతుకు పెట్టుకున్నవాడు, టైముదేముంది అంటున్నాడు.

అప్పటికి టీ తాగి వచ్చేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. పరుగులో మనం అసలు దేన్ని కొలుస్తున్నాం అన్న ప్రశ్న నాకు కొత్తది కాదు. పాతికేళ్ళుగా ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా ఆలోచన ఒక్క మనిషి దగ్గరికే వెళ్తుంది. ఆస్ట్రేలియా దూరపు పరుగుగాడు రాన్ క్లార్క్.

పుంజు లెక్క, గిత్త లెక్క

మనం పరుగు పోటీ అనం, పరుగు పందెం అంటాం. పందెం అంటే ముందు ఒడ్డిన సొమ్ము, ఆ తరవాతే పోటీ. ఈ మాట మనలో ఎంత దిగబడిపోయిందో గోదావరి జిల్లాలవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎన్ని కోర్టులు వద్దన్నా సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఏ కొబ్బరితోటలోకి తొంగి చూసినా తెలుస్తుంది.

కోడి పందెంలో ఒక సంగతి గమనించారా? బరిలో పుంజు ఎంత ఎత్తు ఎగిరింది, ఎన్ని దెబ్బలు కొట్టింది, ఎంతసేపు నిలబడింది, ఇవేవీ ఎవరూ కొలవరు. అవతలిది పడిందా, పారిపోయిందా, అంతే. ఏడాదంతా బాదంపప్పులు పెట్టి మేపిన డేగ పుంజు కత్తి దిగి నిమిషంలో పడిపోతే, అది ఎలాంటి పుంజో చెప్పడానికి ఏ లెక్కా మిగలదు. సాయంత్రానికి కూరైపోతుంది.

రెండోది బండలాగుడు. దీని జోరు కృష్ణా, గుంటూరు వైపు ఎక్కువ. మా నాన్నకి దీని మీద పిచ్చి. ఎక్కడ పోటీలున్నాయన్నా నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకునో, బస్సెక్కించో తీసుకెళ్ళేవాడు. ఇక్కడ ఒక్కో ఎడ్ల జత విడిగా దిగుతుంది. ఇచ్చిన సమయంలో బండని ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలిచి, అంగుళాలతో సహా మైకులో చెబుతారు. పక్క జత అడ్డం రాదు, మోచేత్తో పొడవదు. ఎండలో ఒకటే బండ, ఒకటే నేల, ఒకటే గడియారం. నాన్న ఇంటికొచ్చి అమ్మకి చెప్పేటప్పుడు ఏ జత గెలిచిందో ఒకోసారి మరిచిపోయేవాడు గానీ అడుగుల లెక్క మాత్రం పొల్లుపోకుండా చెప్పేవాడు.

గీత మీద గుంపుగా నిలబెట్టి వదిలే దూరపు పరుగులో ఈ రెండు ఆటలూ కలిసిపోయి ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అదే ట్రాకు, అవే బూట్లు. కానీ ఒలింపిక్ ఫైనల్ కోడి పందెం, ప్రపంచ రికార్డు బండలాగుడు. ఒకదానికి పుట్టినవాణ్ణి రెండోదాంట్లో దింపి, ఓడిపోయాడు, ఇంకేముంది అనడం అన్యాయం. నా వాదన ఇదే. దీనికి నా దగ్గరున్న గట్టి సాక్షి క్లార్కే. అయితే ఆ సాక్షి అక్కడక్కడా నాకే అడ్డం తిరుగుతాడు. అదీ దాచను.

అకౌంటెంటు చేసిన పని

క్లార్క్ పేరు చాలామందికి మొదట తెలిసింది పడిపోవడం వల్ల. 1956 మార్చిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా జాతీయ మైలు పోటీ. మూడో చుట్టులో ముందున్న 19 ఏళ్ళ క్లార్క్ వెనకవాడి కాలు తగిలి పడ్డాడు. అతని మీదుగా దూకబోయిన జాన్ లాండీ బూటు మేకు క్లార్క్ చేతికి గీసుకుంది. లాండీ ఆగి, వెనక్కి వచ్చి, దెబ్బ ఎలా ఉందో చూసి, మళ్ళీ పరిగెత్తి అందరినీ దాటి గెలిచాడు. అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ప్రారంభంలో జ్యోతి వెలిగించింది క్లార్కే. ఆ తరవాత ఉద్యోగం, పెళ్ళి, సంసారం. కొన్నేళ్ళు పరుగు దాదాపు వదిలేశాడు. వృత్తి అకౌంటెంటు. పొద్దంతా ఆఫీసులో లెక్కలు, మిగతా వేళల్లో పరుగు. డబ్బులొచ్చే ఆట కాదది అప్పట్లో.

తిరిగి వచ్చాక చేసింది చూడండి. 1963 డిసెంబరులో 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు, 28 నిమిషాల 15.6 సెకన్లు. 1965లో యూరప్ వెళ్ళి 44 రోజుల్లో 18 సార్లు పరిగెత్తి 12 ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టాడు. జులై 10న లండన్‌లో మూడు మైళ్ళు 12:52.4. అప్పటిదాకా పదమూడు నిమిషాల లోపు ఎవరూ రాలేదు. సరిగ్గా నాలుగు రోజులకి ఓస్లోలో 10,000 మీటర్లు 27:39.4. ఇరవై ఎనిమిది నిమిషాల గోడ కూలడం అదే మొదలు. రికార్డు పుస్తకంలో అప్పటిదాకా ఉన్న తన టైము కంటే 36 సెకన్లు తక్కువ. సెకన్లలో పదోవంతుల కోసం కొట్టుకునే చోట అర నిమిషం పైన కోసేశాడు. మొత్తం మీద 17 ప్రపంచ రికార్డులు.

మా అల్లుడికి అర్థమయ్యేలా చెప్పాలని ఒకరోజు లెక్క వేశాను. 27:39.4 అంటే 400 మీటర్ల చుట్టుకి 66 సెకన్ల చిల్లర. వాడు పరిగెత్తే 1600 మీటర్లు ఆ వేగంతో 4 నిమిషాల 25 సెకన్లు. అలాంటివి ఆరు, మధ్యలో ఊపిరి తీసుకోకుండా, ఆపైన ఇంకో చుట్టు. అదీ ఇప్పటి రబ్బరు ట్రాకు మీద కాదు, బొగ్గు నుసి పరిచిన నేల మీద. వాడి టైము అప్పటికి 6:20. వాడు కాసేపు మాట్లాడలేదు.

ఈ మనిషి మెళ్ళో పడిన ఒలింపిక్ పతకం ఒక్కటి. టోక్యో, 1964, కంచు.

ఆ టోక్యో పరుగు వీడియో దొరుకుతుంది, చూడండి. ఆఖరి చుట్టు గంట మోగేసరికి ట్రాకంతా చుట్టు వెనకబడినవాళ్ళతో సంత రోజు రావులపాలెం సెంటర్లా ఉంది. లోపలి గీత పక్కన క్లార్క్, బయట పక్కన అమెరికా వాడు బిల్లీ మిల్స్, ఎదురుగా నెమ్మదిగా పోతున్న ఇంకొకడు. దారి కోసం క్లార్క్ మిల్స్‌ని చేత్తో పక్కకి నెట్టాడు. ఇంతలో వెనక నుంచి ట్యునీషియా వాడు మొహమ్మద్ గమూదీ ఇద్దరి మధ్యా చేతులు దూర్చి చీల్చుకుంటూ ముందుకు పోయాడు. చివరి వంద మీటర్లలో బయటి నుంచి మిల్స్ వచ్చాడు. మిల్స్ 28:24.4, గమూదీ 28:24.8, క్లార్క్ 28:25.8. గెలిచిన టైము క్లార్క్ రికార్డు కంటే దాదాపు తొమ్మిది సెకన్లు తక్కువరకం. బండలాగుడైతే ఆ రోజు మైకులో చదవాల్సింది వేరే పేరు. కానీ అది బరి.

నాలుగోవాడి టైము

నేను క్లార్క్ పక్షం ఎందుకు వహిస్తున్నానో చెప్పకపోతే మోసం అవుతుంది.

డిగ్రీలో నేను 5000 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. మా ఊళ్ళో ట్రాకెక్కడిది? నేనూ, నా స్నేహితుడూ కలిసి కాలవ గట్టునే కొలిచాం. సైకిలు ముందు చక్రానికి గుడ్డ పీలిక కట్టి, అది ఒకసారి పైకి వస్తే ఒక తిరుగుడు. చక్రం చుట్టుకొలత వేసి చూస్తే 5000 మీటర్లకి 2,237 తిరుగుళ్ళు. వాడు తొక్కుతుంటే నేను పక్కన పరిగెత్తుతూ లెక్కపెట్టాను. లాకుల నుంచి రెండో వంతెన దాటి చింతచెట్టు దాకా వెళ్ళి వెనక్కి వస్తే సరిపోయింది. ఆ దారిలో నా అత్యుత్తమం 16 నిమిషాల 20 సెకన్లు. వేసవిలో కాలవ కట్టేశాక బురద వాసన మధ్య, వానాకాలం జారే గట్టు మీద, మూడేళ్ళు.

ఆ ఏడాది కాలేజీల పోటీలకి వేరే ఊరు వెళ్ళాం. సున్నంతో గీతలు గీసిన మైదానం. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదు, ఆ తరవాతా లేదు. నాలుగోవాణ్ణి వచ్చాను. గీత దాటి, వంగి, ఊపిరి అందాక, బల్ల దగ్గరికెళ్ళి నా టైమెంతండీ అని అడిగాను. గడియారం పట్టుకున్నాయన మొదటి ముగ్గురివీ రాసుకుని, గడియారం ఆపేసి, జేబులో పెట్టుకున్నాడు. "నాలుగోవాడికి టైమెందుకయ్యా?" అన్నాడు. కసిరినట్టు కాదు, నిజంగానే అర్థం కాక అడిగినట్టు. గట్టున నిలబడ్డ నా స్నేహితుడు తన చేతి గడియారం చూసి పదహారున్నర లోపే అన్నాడు. ఆ గడియారానికి సెకన్ల ముల్లు అప్పుడప్పుడూ ఆగుతుండేది.

ఇంటికొచ్చాక నాన్న వీధరుగు మీద కూర్చుని అడిగిన మొదటి మాట: "ఎన్నోవాడివొచ్చావురా?" అడుగులూ అంగుళాలూ గుర్తుపెట్టుకునే మా నాన్న! ఎడ్లకొక న్యాయం, కొడుక్కొక న్యాయం. నాలుగోవాణ్ణి అన్నాను. "పోన్లే, కాళ్ళు కడుక్కో" అన్నాడు. ఆ పోన్లే ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి స్థానం ముఖ్యం కాదు, టైమే నిజం అని నేను వాదిస్తుంటే, నాలుగోవాడు మాట్లాడుతున్నాడని గుర్తుపెట్టుకుని చదవండి.

ఎత్తు ఒక్కటే కాదు

క్లార్క్ అభిమానులు ఎప్పుడూ మెక్సికో సంగతి ఎత్తుతారు. 1968 ఒలింపిక్స్ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున పెట్టారు. గాలి పలచన. మెల్‌బోర్న్‌లో సముద్రం పక్కన పుట్టి పెరిగినవాడికీ, కెన్యా, ఇథియోపియా కొండల మీద పెరిగినవాళ్ళకీ అక్కడ సాపత్యం ఏమిటి? 10,000 మీటర్లు గెలిచిన కెన్యా వాడు నఫ్తాలీ టెము టైము 29:27.4. క్లార్క్ రికార్డు కంటే నిమిషం 48 సెకన్లు ఎక్కువ. ఎత్తు ఎంత పని చేసిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. క్లార్క్ ఆరోవాడిగా వచ్చి గీత దగ్గరే కూలిపోయాడు. స్పృహ లేదు. ఆక్సిజన్ పెట్టారు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న జట్టు డాక్టరు ఏడుస్తున్న ఫొటో ఉంది. నేను దాన్ని రెండోసారి చూడలేకపోయాను. కొన్నేళ్ళకి గుండె కవాటం మార్చాల్సి వచ్చింది. మెక్సికోలో పడ్డ కష్టమే అందుకు కారణమని చాలామంది నమ్మకం.

ఇదంతా నిజమే. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని మిగతావి దాచకూడదు. 1962లో పెర్త్ కామన్వెల్త్ పోటీల్లో మూడు మైళ్ళకి వెండి. 1966లో కింగ్‌స్టన్‌లో మూడు మైళ్ళకీ, ఆరు మైళ్ళకీ వెండి, వెండి. 1970లో ఎడిన్‌బరోలో 10,000 మీటర్లకి మళ్ళీ వెండి. కింగ్‌స్టన్ సముద్రం ఒడ్డునే ఉంది, అక్కడ గాలి మన అంతర్వేదిలో ఉన్నంత చిక్కగా ఉంటుంది. టోక్యోలోనూ ఎత్తు లేదు. అక్కడ 5000 మీటర్లలో తొమ్మిదోవాడు, మారథాన్‌లో కూడా తొమ్మిదోవాడు. ఇన్నిసార్లు జరిగినదాన్ని దురదృష్టం అనలేం. అది అతని తత్త్వం.

ఆఖరి చుట్టులో ఎగిరి దూకే కాలు అతనికి లేదు. అందుకని మొదటినుంచీ ముందుండి, మధ్యమధ్యలో వేగం పెంచి, వెనకవాళ్ళని అలవగొట్టాలని చూసేవాడు. ఒకడి వీపు వెనక నక్కి చివర్లో దాటెయ్యడం అతనికి గిట్టదు. దానికి ఫలితం ఏమిటంటే, వెనకున్నవాడికి గాలి అడ్డూ క్లార్కే, వేగం చెప్పే గడియారమూ క్లార్కే. ఉచితంగా. సరుగుడు కర్రలు నింపుకున్న బండి వెనక సైకిలు తొక్కినవాళ్ళకి తెలుసు ఆ సుఖం.

మా అల్లుడికి ఇదంతా చెబితే వాడు సూటిగా, "అయితే వాడికి పరిగెత్తడం రాదన్నమాట. దూరం, వేగం, ఎదుటివాడు, మూడూ కలిస్తేనే కదా పందెం" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు: "ఎడ్లకీ ఫస్టు ప్రైజు ఉంటది కదా మావయ్యా. నువ్వు చెప్పినట్టు అడుగులే చాలనుకుంటే బుల్లెట్ బండి ఎందుకు పెడతారు బహుమతి?"

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఎడ్లకీ ఫస్టు ఉంది, ఒప్పుకుంటాను. కాకపోతే అక్కడ ముందు కొలత, తరవాత వరస. రెండోస్థానం వచ్చిన జతకీ దాని అడుగులు దానికి మిగులుతాయి. బరిలో ముందు వరస, ఆ తరవాత కొలత గుర్తుంటే సరే, లేకపోతే మరీ సరే. గడియారం జేబులోకి పోతుంది.

నా వాదనకి ఇంకా గట్టి దెబ్బ మిల్స్. అమెరికా మూలవాసులకి కేటాయించిన పైన్ రిడ్జ్ రిజర్వేషన్ ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న లకోటా తెగవాడు. టోక్యోకి ముందు అతని అత్యుత్తమం కంటే ఆ రోజు పరిగెత్తింది నలభై సెకన్లకి పైగా తక్కువ. అతని పేరే తనకి తెలియదన్నట్టు మాట్లాడాడట క్లార్క్, పరుగైపోయాక. ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు గెలిచిన అమెరికన్ ఇప్పటికీ అతనొక్కడే. నేను ఆ వీడియో చూసిన ప్రతిసారీ, క్లార్క్ ఓడిపోతాడని తెలిసి కూడా, ఆఖరి ముప్ఫై మీటర్లలో ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపు టైము వల్ల రాలేదు. అది పుంజు ఎగిరినప్పుడు వచ్చేదే. నేనూ గోదావరి జిల్లావాణ్ణే కదా.

గడియారాన్ని తీసేశారు

సాబ్లే దగ్గరికి వస్తాను. టోక్యో ఒలింపిక్స్‌లో (2021లో జరిగినవి) హీట్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే వడపోత పరుగులో, 8:18.12 పరిగెత్తాడు. అప్పటికి భారత జాతీయ రికార్డు. తన హీట్‌లో ఏడోవాడు. ఫైనల్‌కి అర్హత దొరకనివాళ్ళలో అందరికంటే వేగం అతనిదే. టైముని బట్టి కూడా కొందరిని తీసుకునే పద్ధతి అప్పట్లో ఉండేది, దాంట్లోనూ అంగుళం దూరంలో ఆగిపోయాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ పోటీల్లో 8:11.20తో వెండి. బంగారానికి తేడా సెకనులో ఇరవయ్యో వంతు.

2023 ప్రపంచ పోటీల నుంచి దూరపు పరుగుల హీట్స్‌లో టైముని బట్టి తీసుకోవడం పూర్తిగా ఎత్తేశారు. స్టీపుల్‌చేజ్‌లో ప్రతి హీట్ నుంచీ మొదటి అయిదుగురు, అంతే. ఎంత వేగంగా వచ్చినా ఆరోవాడు ఇంటికి. చూసేవాళ్ళకి ఉత్కంఠ ఉండాలని. ఆ ఏడు బుడాపెస్ట్‌లో సాబ్లే ఏడోవాడై ఇంటికొచ్చాడు. మరుసటేడు పారిస్‌లో సరిగ్గా అయిదోవాడిగా వచ్చి ఫైనల్‌కి వెళ్ళాడు. ఒలింపిక్ స్టీపుల్‌చేజ్ ఫైనల్‌కి చేరిన మొదటి భారతీయ పురుషుడు.

నాకు ఈ మార్పు మొదట ఒళ్ళు మండించింది. ఉన్న కాస్త బండలాగుడునీ తీసేసి మొత్తం బరి చేసేశారనిపించింది. తరవాత ఆలోచిస్తే, దానికీ న్యాయం ఉంది. మొదటి హీట్‌లో పరిగెత్తేవాడికి ఎంత టైము కావాలో తెలియదు, ఆఖరి హీట్‌వాడికి తెలుసు. ఒక హీట్ ఎండలో, ఇంకోటి చల్లబడ్డాక. వేరువేరు గుంపుల్లో పరిగెత్తినవాళ్ళ టైముల్ని పోల్చడం నిజంగా సమానమేనా? బండలాగుడులోనూ పొద్దున్నే దిగిన జతకీ మిట్టమధ్యాహ్నం దిగిన జతకీ తేడా ఉంటుందని నాన్నే గొణిగేవాడు.

ఇప్పటి రికార్డులదీ ఇదే గొడవ. 2020లో ఉగాండా వాడు జాషువా చెప్టెగెయ్ 10,000 మీటర్లు 26:11.00లో పరిగెత్తినప్పుడు ముందు కొంతమంది దారి చూపే పరుగుగాళ్ళు, ఆ తరవాత ట్రాకు అంచున వేగం చూపిస్తూ కదిలే దీపాలు. గొప్ప పరుగే, కాదనను. పారిస్‌లో అతనే బంగారమూ గెలిచాడు. కానీ దీపం వెనక పరిగెత్తడం, నుసి నేల మీద ముందు ఎవరూ లేకుండా పరిగెత్తడం ఒకటేనా? టైము కూడా నేను అనుకున్నంత ఒంటరి సత్యం కాదు.

రికార్డు పోతుంది, పతకం పోదు అంటారు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ పోలీసు లాసె వీరెన్ 10,000 మీటర్ల ఫైనల్ మధ్యలో పడిపోయాడు. టోక్యోలో క్లార్క్‌ని చీల్చుకుంటూ పోయిన గమూదీ కూడా అతన్ని తట్టుకుని పడ్డాడు. వీరెన్ లేచి, అందరినీ పట్టుకుని, గెలిచి, క్లార్క్ 27:39.4నీ సెకను తేడాతో చెరిపేశాడు. బరిలోనే, పడి లేచి, బండ కూడా లాగి చూపించినవాడు! నా సిద్ధాంతం మొత్తాన్నీ పడగొట్టడానికి ఆ ఫిన్లాండ్ పోలీసు ఒక్కడు చాలు.

అయినా ఆ అంకె చచ్చిపోలేదు. మన దేశం వైపు నుంచి చూడండి. 10,000 మీటర్ల జాతీయ రికార్డు 2008 నుంచి 28:02.89గా ఉండేది. 2024 మార్చిలో గుల్వీర్ సింగ్ దాన్ని 27:41.81కి తెచ్చాడు. అదే ఏడు నవంబరులో జపాన్‌లో 27:14.88 పరిగెత్తేదాకా, ఒక మెల్‌బోర్న్ అకౌంటెంటు 1965లో బొగ్గు నుసి మీద పరిగెత్తిన వేగాన్ని ఏ భారతీయుడూ అందుకోలేదు. యాభై తొమ్మిదేళ్ళు. మిల్స్ పతకం ఈ మాట చెప్పలేదు.

జాటోపెక్ ఇచ్చిన పొట్లం

క్లార్క్ గురించి ఎవరు రాసినా ఈ కథతో ముగిస్తారు. 1966లో ప్రాగ్ వెళ్ళిన క్లార్క్‌ని చెకొస్లొవేకియా దూరపు పరుగుగాడు ఎమిల్ జాటోపెక్ విమానాశ్రయంలో సాగనంపుతూ చేతిలో చిన్న పొట్లం పెట్టాడు. రహస్యంగా ఏదో బయటికి పంపిస్తున్నాడేమో అనుకున్నాడు క్లార్క్. తీరా విప్పి చూస్తే జాటోపెక్ 1952 హెల్సింకీలో 10,000 మీటర్లకి గెలిచిన బంగారు పతకం, క్లార్క్ పేరు చెక్కించి ఉంది. ఇది నీకు రావలసిందే అన్నట్టు చెప్పాడట.

మంచి కథ. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి మొదటిసారి. కానీ ఇందులో ఏదో నాకు గుచ్చుకుంటుంది. పతకం లేని లోటు పతకంతోనే తీరాలా? అంత పెద్ద పరుగుగాడు కూడా క్లార్క్‌ని గౌరవించడానికి బరిలో ఇచ్చే బిళ్ళ తప్ప వేరే దారి వెతుక్కోలేకపోయాడా? ఈ కథ చెప్పేవాళ్ళందరూ హమ్మయ్య, ఎలాగైతేనేం బంగారం దక్కింది అని నిట్టూరుస్తారు. 17 రికార్డులు చూసి అలా ఎవరూ నిట్టూర్చరు.

ఇలా రాసి, రెండు రోజులు పక్కన పెట్టి, మళ్ళీ చదివితే నా మీద నాకే అనుమానం వచ్చింది. ఆ గడియారం జేబులో పెట్టుకున్నాయన ఆ రోజు నన్ను పిలిచి, తన దగ్గరున్న ఏ పాత కప్పో ఇచ్చి, "తీసుకోవయ్యా, బాగా పరిగెత్తావు" అని ఉంటే నేను సిద్ధాంతాలు మాట్లాడేవాణ్ణా? ఆ కప్పు ఇప్పుడు మా షోకేసులో, మా అబ్బాయి పెళ్ళి ఫొటో పక్కన ఉండేది. క్లార్క్ ఆ పతకాన్ని జీవితాంతం ప్రాణంగా చూసుకున్నాడు. 2015లో పోయేలోపు గోల్డ్ కోస్ట్ నగరానికి ఎనిమిదేళ్ళు మేయరుగా కూడా చేశాడు. ఆ నగరం పేరులోనే బంగారం ఉంది చూశారా. ఇది ఊరికే అన్నాను, వాదనలో భాగం కాదు.

రెండు వేల రెండువందల ముప్ఫై ఏడు

మొన్నటి చలికాలంలో మా అల్లుడి పరుగు పరీక్ష అయిపోయింది. 6 నిమిషాల 5 సెకన్లు. పాసయ్యాడు. వాడి బ్యాచ్‌లో వెనక నుంచి లెక్కపెడితే ముందు తగిలేవాడట. ఇంటికొస్తే మా అమ్మ వీధరుగు మీద కూర్చుని, అచ్చం నాన్నలాగే, "ఎన్నోవాడివొచ్చావురా?" అంది. "అక్కడ ఎన్నోవాడని అడగరమ్మమ్మా, టైములో వచ్చానా లేదా అంతే" అన్నాడు వాడు. నేను ఏమీ అనలేదు గానీ వాడి మొహం వంక చూశాను. వాడు నా వంక చూడలేదు.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. గట్టు మీద నా పాత 5000 మీటర్ల దారి చూపిస్తానని వాణ్ణి తీసుకెళ్ళాను. చింతచెట్టు పోయింది, దాని మొదలుంది. గట్టుకి అటుపక్క వరి పోయి రొయ్యల చెరువులొచ్చాయి, తెల్లారకముందే ఏరియేటర్ల చప్పుడు. వాడు ఫోనులో దూరం పెట్టుకుని నడిచాడు. వెనక్కి వచ్చి, స్క్రీను చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, ఇది 4,780 ఉంది."

మళ్ళీ నడిచాం. మళ్ళీ అంతే. కూర్చుని లెక్కవేస్తే తేలింది. వందల దగ్గర ఎక్కడో ఒక వంద తిరుగుళ్ళు ఎక్కువ లెక్కపెట్టేశాను, పరిగెత్తుతూ, రొప్పుతూ. మూడేళ్ళ పాటు నేను నమ్ముకున్న 16:20, సరిగ్గా కొలిస్తే 17:05 దగ్గర తేలుతుంది. ఎవరూ మోసం చెయ్యలేదు. గుడ్డ పీలికదీ తప్పు లేదు. కొలిచింది నేనే.

ఇప్పుడు వాడు పొద్దున్నే లేవడం మానేశాడు. రమ్మంటే, "ఇంకెందుకు మావయ్యా, అయిపోయింది కదా" అంటాడు. నేను మాత్రం వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. ఫోనుతో కొలిచి, చింతమొదలు దాటి ఇంకో 110 మీటర్ల దూరంలో ఒక కొబ్బరిచెట్టుకి సున్నం పూశాను. ఈ వయసులో 5000 మీటర్లు ముప్ఫై ఒక్క నిమిషం. మొన్న శనివారం 30:48 వచ్చింది. లాకుల దగ్గర ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే, టీ బడ్డీ ఆయన గ్లాసు అందిస్తూ, "ఎన్నోవారొచ్చారండి?" అన్నాడు.

"ఒక్కణ్ణే కదా, ఫస్టే" అన్నాను.

"లాస్టు కూడానండి, ఆయ్" అన్నాడు.